తాతయ్యను పాతిన మూల

"ఆపండి ఆ తవ్వకం!"

కేక విని నలుగురు కానిస్టేబుళ్ళూ ఎత్తిన పారలు ఎత్తినట్టే ఆపేశారు. కేక వేసింది చాదస్తం.

ఆవిడకు అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, ఇప్పుడది బ్యాంకువాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తులేదు. పోలీసు ఉద్యోగం చేసిన రోజుల్లో, అడిగిందే మళ్ళీ మళ్ళీ అడుగుతుందని పై అధికారి విసుక్కుని పెట్టిన పేరు ఇది. ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచినప్పుడు, పడ్డ తిట్టు వృథా పోకూడదని దాన్నే బోర్డు మీద రాయించుకుంది.

తవ్విస్తున్న ఇన్‌స్పెక్టరు ఆవిడకు స్వయానా మరిది. ఇంట్లో "వదినా, ఇంకో గరిటె" అంటూ కంచం చాపే మనిషి, కేసు దగ్గర ఎదురుపడితే మాత్రం ఎన్నడూ ఎరగనట్టు మొహం పెడతాడు.

"వది..." అనబోయి, సిబ్బంది వింటున్నారని గుర్తొచ్చి మీసం సర్దుకున్నాడు. "మేడమ్, ఇది పోలీసు కేసు. మీరు పక్కకి జరగాలి."

"జరుగుతాలే. ఇంతకీ దేనికోసం తవ్విస్తున్నావు?"

"శవం కోసం."

ఆ మాటకి, పక్కన బేడీలతో నిలబెట్టిన, గుడారానికి తాళ్ళు కట్టే మేస్త్రి నెత్తి కొట్టుకున్నాడు. చేతులు రెండూ కలిసే ఉన్నాయి కనుక దెబ్బ కాస్త గట్టిగానే తగిలింది.

సంగతేమిటంటే, ఊరూరా తిరిగి నాటకాలాడే కంపెనీ ఒకటి నెల్లాళ్ళుగా ఈ మైదానంలో గుడారం వేసుకుని ఉంది. ఆ కంపెనీ పెట్టిన పెద్దాయన నిన్న మధ్యాహ్నం నుంచి కనబడటం లేదు. అంతకుముందు, పొద్దున పూట, ఆయనకీ తాళ్ళ మేస్త్రికీ మైదానమంతా వినబడేలా గొడవ జరిగింది. సాయంత్రం మేస్త్రి టీకొట్టు బల్ల మీద కూర్చుని "తాతయ్యను పాతేశాం" అన్నాడు. టీకొట్టాయన ఆ మాట రాత్రంతా కడుపులో దాచుకుని, పెద్దాయన లేడని పొద్దున తెలియగానే తీసుకెళ్ళి స్టేషన్లో దించేశాడు.

మేస్త్రి ఎవరో కాదు, పెద్దాయన మనవరాలి మొగుడు. చాదస్తాన్ని పిలిపించింది ఆ మనవరాలే. రాణి వేషం సగం వేసుకుని, కిరీటం చంకలో పెట్టుకుని, గుడారం గుమ్మంలో నిలబడి ఉంది.

"మా తాత ఎక్కడున్నాడో కనిపెట్టండి మేడమ్" అంది, కంటికి పెట్టిన కాటుక చెదరకుండా ఏడవడానికి తంటాలు పడుతూ. "సాయంత్రం నాటకం ఉంది. తాత దొరక్కపోతే ఈయన్ని జైల్లో పెడతారట. ఈయన లేకపోతే గుడారమే లేదు, తాత లేకపోతే మేమే లేం."

చాదస్తం ఆవిడ భుజం తట్టి, తవ్వకం చూస్తూ నిలబడ్డ టీకొట్టాయన దగ్గరికి నేరుగా వెళ్ళింది.

"మేస్త్రి ఏమన్నాడు?"

"తాతయ్యను పాతేశాం అన్నాడండి."

"ఏమన్నాడు?"

"చెప్పా కదండీ. తాతయ్యను పాతేశాం, ఇక కదలడు అన్నాడు."

"ఇందాక కదలడన్న మాట లేదే! సరిగ్గా చెప్పు, ఏమన్నాడు?"

టీకొట్టాయన తల గోక్కున్నాడు. "తాతయ్యను పాతేశాం, ఇక ఏనుగొచ్చి లాగినా కదలడు, నిశ్చింతగా నాటకం ఆడుకోవచ్చు అన్నాడండి."

"విన్నావా?" అని ఆవిడ మరిది వైపు తిరిగింది. "శవాన్ని లాగే పని ఏనుగుకేముంది?"

"హంతకులు ఏదో ఒకటి వాగుతారు మేడమ్. టెన్షన్."

"టెన్షన్లో ఉన్నవాడు టీతో పాటు ఇంకేమైనా తిన్నాడా?"

"మురుకులు రెండు ప్లేట్లు తిన్నాడండి" అన్నాడు టీకొట్టాయన ఉత్సాహంగా.

చాదస్తం మేస్త్రి ముందుకొచ్చి నిలబడింది. "మీ పెద్దాయన్ని నువ్వేమని పిలుస్తావు?"

"గురువుగారు అని."

"తాతయ్య అని పిలవవా?"

"అమ్మో! పళ్ళు రాలగొడతారు. మావిడ పిలిస్తేనే మొహం ముడుచుకుంటారు, వయసు గుర్తుచేస్తున్నావని."

"మరి తాతయ్య ఎవరు?"

"మొద్దండీ!" మేస్త్రి గొంతు పొద్దుట్నుంచి అరిచి అరిచి బొంగురుపోయింది. "తాడు కట్టి భూమిలో పాతే మొద్దుని మేం తాతయ్య అంటాం. మొన్న వానకి ఈ మూల మేకు వదులైంది. మర ఉన్న మేకు దింపుదామని నేనన్నా. ఇది పూడ్చిన గుంటరా, ఈ మెత్తటి మట్టిలో మర ఊరికే తిరుగుతుంది గానీ పట్టదు, మొద్దు పాతమని గురువుగారన్నారు. దాని మీదే గొడవ. చివరికి ఆయన చెప్పినట్టే పాతా. అదండీ నేను చేసిన నేరం."

ఇన్‌స్పెక్టరు పకపకా నవ్వాడు. "మొద్దుకి తాతయ్య అని పేరా? నా చెవిలో పువ్వేమైనా కనిపిస్తోందా? ఏయ్, తవ్వండయ్యా మీరు!"

"సార్, అటువైపు తవ్వకండి, గుడారం వైపు తవ్వకండి!" మేస్త్రి ఎగిరెగిరి అరిచాడు. "మొద్దుని ఆపేది ఆ ముందున్న మట్టే! తవ్వితే వెనకనుంచి తవ్వండి!"

ఎవరు వింటారు? పొద్దుట్నుంచి ఒళ్ళు వంచి పనిచేస్తున్న కానిస్టేబుళ్ళు, పై అధికారి మెచ్చుకోవాలని గుడారం వైపే ఇంకో రెండు పారల మట్టి లాగేశారు. అంతే. భూమి ఒక్కసారి పొట్ట ఉబ్బించినట్టు పైకి లేచింది. మట్టిలోంచి నల్లటి మొద్దొకటి, నడుముకి కట్టిన తాడుతో సహా, నిద్రలేచిన మనిషిలా బయటికొచ్చి ముందుకు జారింది. గుడారం మధ్య స్తంభం కిర్రుమంటూ అవతలి వైపుకి ఒరిగింది. లోపల రిహార్సల్లో ఉన్న మంత్రీ, సేనాపతీ, ఇద్దరు భటులూ అరిచిన అరుపు, అసలు నాటకంలో కూడా అంత బాగా ఎప్పుడూ అరిచి ఉండరు.

"తాడు పట్టుకోండి!" అని మేస్త్రి కేకేశాడు.

చాదస్తం అందరికన్నా ముందు తాడందుకుంది. వెనకే మనవరాలు కిరీటం విసిరేసి వచ్చింది. మేస్త్రి బేడీల చేతులతోనే పట్టాడు. కానిస్టేబుళ్ళు పట్టారు, టీకొట్టాయన పట్టాడు, ఆఖరికి ఇన్‌స్పెక్టరు కూడా టోపీ ఎగిరిపోతున్నా పట్టించుకోకుండా మడమలు నేలకు తన్నిపెట్టి లాగాడు.

"ఎంతసేపు లాగాలయ్యా?" అని రొప్పుతూ అడిగాడు.

"ఏదో ఒకదానికి కట్టేదాకా సార్! ఇక్కడ మేకులు నిలవవు. బరువైంది కావాలి!"

చాదస్తం చూపు నేరుగా పోలీసు జీపు మీదికి వెళ్ళింది. ఇన్‌స్పెక్టరు ఆవిడ చూపు వెంట తనూ చూశాడు.

"వద్దు వదినా" అన్నాడు. ఈసారి ఎవరు వింటున్నారో చూసుకోలేదు.

కాసేపటికి తాడు జీపు వెనక కొక్కేనికి బిగిసింది, స్తంభం నిటారుగా నిలబడింది, లోపలినుంచి మంత్రి తల బయటపెట్టి "చప్పట్లు ఎవరైనా కొడతారా?" అని అడిగాడు. అందరూ కొట్టారు. మనవరాలైతే ఏడుపు మరిచిపోయి నవ్వింది. ఎవరికీ చిన్న దెబ్బ కూడా తగల్లేదన్న సంతోషంలో కానిస్టేబుళ్ళు మేస్త్రికి కూడా షేక్‌హ్యాండు ఇచ్చేశారు.

ఇన్‌స్పెక్టరు మాత్రం నవ్వలేదు. గుంటలోకి తొంగిచూశాడు. అక్కడ మొద్దు తప్ప ఇంకేమీ లేదు.

"సరే. శవం ఇక్కడ లేదు" అన్నాడు. "అంటే ఇంకో చోట ఉందన్నమాట. మనిషి మాయమయ్యాడా లేదా? గొడవ జరిగిందా లేదా? ఏడింటికి నాటకం అంటున్నారు కదా, గంట కొట్టేలోపు మీరు పెద్దాయన్ని చూపించండి, బేడీలు తీసేస్తా. లేకపోతే వీడు నాతో వస్తాడు."

"నడిచా?" అంది చాదస్తం, జీపు వైపు చూస్తూ. సమాధానం కోసం ఆగకుండా సామాన్ల డేరాలోకి దూరింది.

డేరా ఒక పక్కంతా మేకులు, తాళ్ళు, గొలుసులు. ఇంకో పక్క పెద్దాయన మంచం, ట్రంకుపెట్టె, గోడలేని గదికి గోడలా వేలాడుతున్న దుప్పటి. ఆవిడ మేకుల వరస ముందు గొంతుక్కూర్చుంది.

"ఇవేంటి?"

"అల్లుళ్ళండి" అన్నాడు మేస్త్రి, తిన్నటి ఇనుప మేకులు చూపిస్తూ. "గట్టి నేలకి వీళ్ళే. సమ్మెటతో నెత్తిన నాలుగు పడితే గాని దిగరు. తల గుడారానికి ఎడంగా వాల్చి కొట్టాలి, తాడు మెడకి కాదు, నేలకి ఆనించి కట్టాలి. ఏ కాస్త తడి తగిలినా వదులైపోతారు."

"ఈ మర ఉన్నవి?"

మేస్త్రి ఒక్క క్షణం తటపటాయించాడు. "అత్తగార్లండి. మెలికలు తిరుగుతూ లోపలికి దిగుతారు. ఒకసారి దిగారంటే మళ్ళీ పైకి రమ్మన్నా రారు."

కానిస్టేబుళ్ళు కిసుక్కుమన్నారు. చాదస్తం అత్తగారితో ఒకే ఇంట్లో ఉంటున్న మనిషి కనుక, పెదవులు బిగబట్టి ఊరుకుంది. ఆ అత్తగారు ఈ కంపెనీ నాటకం చూసిందే చూసి, పాటలన్నీ వంటింట్లో పాడి పాడి, నిన్ననే సంచి సర్దుకుని చెల్లెలి ఇంటికని వెళ్ళింది. ఇల్లు బోసిపోయినట్టే ఉంది. గొడవపడేవాళ్ళు లేక కోడలికి పొద్దున కాఫీ కూడా రుచించలేదు.

"వీటిలో ఏమైనా తగ్గాయా?"

మేస్త్రి చూపుతోనే లెక్కపెట్టాడు. అల్లుళ్ళందరూ ఉన్నారు. అత్తగార్లూ ఉన్నారు. సమ్మెట కూడా దాని మూల అది ఉంది. ఆఖరి మూలకి వెళ్ళి ఒక చెక్కపెట్టె మూత ఎత్తి, గట్టిగా అరిచాడు.

"చంటిపిల్లలు లేరు!"

"ఏంటీ?" ఇన్‌స్పెక్టరు గుమ్మంలోంచి లోపలికి దూకాడు. "పిల్లల్ని కూడానా? ఎంతమంది? ఎవరి పిల్లలు? కంట్రోల్ రూముకి ఫోను కలపండి!"

"సార్, సార్! గోనెసంచులు సార్! ఖాళీ సంచులకి మధ్యలో తాడు ముక్క కట్టి ఉంచుతాం. పని పడినప్పుడు నింపి, పడుకోబెట్టి, పైన కప్పేస్తాం. అందుకే చంటిపిల్లలు అంటాం."

ఫోను అందుకున్న కానిస్టేబులు గొంతు సవరించుకుని దాన్ని మెల్లగా జేబులో పెట్టేసుకున్నాడు.

"ఇంకేం లేవు?" చాదస్తం కళ్ళు మెరిశాయి.

"చిన్న డేరా లేదు. దాని కర్రలు కూడా లేవు. చేతిపార లేదు."

"చూశారా!" ఇన్‌స్పెక్టరు వేలెత్తాడు. "డేరా గుడ్డలో శవాన్ని చుట్టారు. సంచుల్లో రాళ్ళు నింపి కట్టారు. ఏట్లో పడేశారు."

"కర్రలెందుకు తీసుకెళ్ళారు? శవం నిలబడ్డానికా?"

ఇన్‌స్పెక్టరు ఎత్తిన వేలు దించుకున్నాడు.

చాదస్తం మంచం దగ్గరికి వెళ్ళింది. ట్రంకుపెట్టె పైన టీ గ్లాసుల గుత్తి ఉంది. అందులో రెండు గ్లాసుల చోటు ఖాళీ. కిరసనాయిలు స్టవ్వు పెట్టుకునే చోట గుండ్రటి మసి మరక మాత్రం మిగిలింది. దిండు వెనక జుట్టుకి వేసుకునే రంగు సీసా దొరికింది, సగానికి పైగా ఖర్చయింది. ఆవిడ దాన్ని ఎత్తి మరిదికి చూపించింది.

"చావబోయే మనిషి జుట్టుకి రంగేసుకోడు."

"చావబోతున్నానని ఆయనకి తెలియదు కదా!" అన్నాడు మరిది ఠక్కున. ఆ జవాబు బాగుందని ఆవిడే మనసులో ఒప్పుకుంది.

"సరే, ఇది చెప్పు" అంది మేస్త్రితో. "చంటిపిల్లల్ని ఏ నేలలో వాడతారు?"

"ఇసుకలోనండి. ఇసుకలో అల్లుడూ నిలవడు, అత్తగారూ నిలవదు. మొద్దు మోసుకెళ్ళడం కష్టం. సంచులైతే అక్కడి ఇసుకే నింపి పూడ్చొచ్చు."

"వేరే నేలలో?"

"వేరే నేలలో దేనికండీ? గురువుగారైతే అసలు ఒప్పుకోరు. కాలు కింద పెట్టగానే ఇక్కడికి ఏది కావాలో చెప్పేస్తారు. తప్పు మేకు ముట్టుకున్నా చెయ్యి మీద ఒకటి వేస్తారు."

చాదస్తం లేచి నిలబడింది. మోకాళ్ళ మట్టి దులుపుకుంటుంటే ఆవిడ మొహం పండగలా ఉంది. కేసు చిక్కు వీడే క్షణంలో కలిగే ఈ ఆనందం కోసమే ఆవిడ ఉద్యోగం వదులుకుని ఈ బోర్డు కట్టుకుంది.

"విను మరిదీ. ఈ డేరాలోంచి సామాను తీసినవాడు సమ్మెట ముట్టుకోలేదు. ఒక్క మేకు కూడా తీయలేదు. ఎందుకంటే తను వెళ్ళే చోట మేకు పనికిరాదని బయల్దేరకముందే వాడికి తెలుసు. అంత కచ్చితంగా ఎంచుకునేది పెద్దాయనే. అంటే ఆయన తన కాళ్ళతో తనే వెళ్ళాడు. ఇసుకలో డేరా వేసుకున్నాడు. రెండు గ్లాసులు తీసుకెళ్ళాడు కాబట్టి తోడు ఎవరో ఉన్నారు. ఇక్కడికి దగ్గర్లో ఇసుక ఎక్కడుంది?"

"వంతెన అవతల, ఏటి ఒడ్డున" అన్నారు అందరూ ఒక్కసారే.

జీపు గుడారాన్ని మోస్తోంది కనుక నడవక తప్పలేదు. ముందు చాదస్తం, వెనక బేడీలతో మేస్త్రి, ఆయన మోచెయ్యి పట్టుకుని సగం రాణి, వాళ్ళ వెనక ఇన్‌స్పెక్టరు. దారి పొడుగునా జనం ఇది కూడా నాటకం ప్రచారమే అనుకుని చేతులూపారు.

"అమ్మ నిన్నట్నుంచి ఫోను ఎత్తట్లేదు వదినా" అన్నాడు ఇన్‌స్పెక్టరు వంతెన మీద, గొంతు తగ్గించి.

"అక్కాచెల్లెళ్ళు కబుర్లలో పడితే ఫోను ఎవరికి వినబడుతుంది? ఇవాళ సాయంత్రం నేనే చేస్తాలే."

వంతెన దిగగానే బూట్లు ఇసుకలో కూరుకుపోయాయి. కాస్త దూరంలో చిన్న నీలం డేరా ఒకటి గాలికి ఉబ్బి నిలబడి ఉంది. నాలుగు తాళ్ళు నాలుగు వైపులా సాగి ఇసుకలోకి దూరిపోయాయి. ఎక్కడా ఒక్క మేకు తల కనబడలేదు. తాళ్ళు దూరిన చోట్ల ఇసుక చేత్తో నున్నగా సర్దినట్టుంది.

"చంటిపిల్లలు" అన్నాడు మేస్త్రి. "గురువుగారూ!"

డేరా వెనకనుంచి పెద్దాయన వచ్చాడు. జుట్టు కాకి నలుపు, చొక్కా ఇస్త్రీ మడతల్లో ఉంది. అందర్నీ చూసి మొదట ఉలిక్కిపడ్డాడు. తర్వాత మేస్త్రిని పట్టుకుని అడిగిన మొదటి ప్రశ్న ఇది:

"ఏరా, మొద్దు పాతావా, మర దింపావా?"

"పాతాను గురువుగారూ. అందుకే అరెస్టు చేశారు."

మనవరాలు తాతను కావలించుకుని, ఇందాకట్నుంచి దాచుకున్న ఏడుపంతా ఆ ఇస్త్రీ చొక్కా మీద ఏడ్చేసింది. కాటుక ఆయన భుజం మీద అచ్చుపడింది. ఆయన కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

"మంచం మీద చీటీ పెట్టి రావాల్సిందే తల్లీ. ఏం రాయాలో తెలియక వచ్చేశా. రేపు అన్నీ చెబుదామనుకున్నా."

"ఏం చెబుదామని?" ఇన్‌స్పెక్టరు ముందుకొచ్చాడు. "మీవల్ల ఒక డిపార్టుమెంటు మొత్తం పొద్దుట్నుంచి మట్టి తవ్వుతోంది. ఎందుకొచ్చారు ఇక్కడికి?"

పెద్దాయన నేల చూపులు చూశాడు. "రేపు రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళుంది. వద్దంటారేమో, నవ్వుతారేమో అని భయమేసింది. సంతకాలయ్యేదాకా ఎవరికంటా పడకూడదని..."

"ఎవరి పెళ్ళి?"

"నాదే."

మనవరాలు ముక్కు తుడుచుకుంటూ, "ఏం తాతా, నేను వద్దంటానా?" అని మళ్ళీ వాటేసుకుంది. ఇన్‌స్పెక్టరుకి మాత్రం నవ్వాగలేదు. పొట్ట పట్టుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఇసుకలో కూలబడేటంతగా నవ్వాడు.

"ఈ వయసులో పెళ్ళా! ఆ పెళ్ళికూతురెవరో చూడాలి నేను. ఆవిడకి కొడుకులూ కోడళ్ళూ ఎవరూ లేరా? ఉంటే ఊరుకున్నారా?"

డేరా తెర పక్కకి జరిగింది. రెండు టీ గ్లాసులు పట్టుకుని ఒకావిడ బయటికొచ్చింది.

"ఊరుకోరేమోననే చెప్పలేదురా" అంది.

ఇన్‌స్పెక్టరు నవ్వు ఉన్నచోటే ఆగిపోయింది. నెల్లాళ్ళుగా నాటకం పాటలు పాడుతూ చాదస్తం వంటింట్లో తిరిగిన అత్తగారు, మామగారు పోయిన ఇన్నేళ్ళకి కొత్త చీరలో, జడలో పువ్వుతో, పదేళ్ళు చిన్నదైనట్టు ఎదురుగా నిలబడి ఉంది.

"నీకే భయపడ్డానే కోడలా. రోజూ నీ కళ్ళముందే సింగారించుకుని వెళ్ళేదాన్ని. ఇవాళో రేపో పట్టేస్తావనుకున్నా." అత్తగారి గొంతులో బెరుకు, ఆశ రెండూ ఉన్నాయి. ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "ముందు ఆ అబ్బాయికి బేడీలు తియ్యి. తర్వాత నన్నేమనాలో అందువు గాని."

ఇన్‌స్పెక్టరు తాళంచెవి కోసం జేబులన్నీ తడుముకున్నాడు. మూడో జేబులో దొరికింది. బేడీలు విప్పి, ఎటు చూడాలో తెలియక వదిన వైపు చూశాడు.

"వదినా, నీకు ముందే తెలుసా?"

"లేదు" అంది చాదస్తం.

ఎంత చిన్న మాటో, ఆవిడ జీవితంలో ఇంత హాయిగా ఎప్పుడూ అనలేదు. ఇసుకలో గబగబా నడిచి వెళ్ళి అత్తగారి చేతిలోంచి గ్లాసులు అందుకుని పక్కన పెట్టి, ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. వెనకాల ఇన్‌స్పెక్టరు టోపీ తీసి, ఇసుక దులిపి, మళ్ళీ పెట్టుకుని, పెద్దాయన ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"రేపు ఎన్నింటికండీ?" అని అడిగాడు. "అమ్మ తరఫున నేను రావాలి కదా."